రేవు రేవుకీ ఒక మామ

నేను ఓడల్లో వంట చేసి బతికినవాణ్ణి. కళాసీలకి వండేవాణ్ణి ఓడలో భండారీ అంటారు. ఎన్ని రేవులు తిరిగానో నాకే సరిగ్గా గుర్తులేదు గానీ, తిరిగినవాటికంటే చెప్పినవి ఎక్కువని మా ఆవిడ ఎప్పుడో తేల్చేసింది. ఎర్రసముద్రంలో ఒక తిమింగలం మా ఓడని పట్టుకుని మూడు రోజులు వచ్చిందనీ, నేను గంజి వార్చే వేళకి సరిగ్గా వంటగది పక్కన నోరు తెరిచేదనీ, మూడోనాడు గంజిలో పచ్చిమిరపకాయ పడితే అది తుమ్మిన తుమ్ముకి పైన ఆరేసిన మా లుంగీలన్నీ మళ్ళీ ఉతికినట్టయ్యాయనీ మా కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో నేను చెప్పని అరుగు లేదు. అందులో గంజి నిజం. లుంగీలూ నిజమే.

ఇలాంటి నోరున్నవాడికి ఒక చిక్కుంది. నిజం చెప్పినా జనానికి తిమింగలమే కనబడుతుంది. నల్లసముద్రం ఒడ్డున బతూమీ అని ఒక రేవుంది, అక్కడ కన్నతండ్రిని 'మామా' అని పిలుస్తారు అంటే ఇప్పటికీ ఒక్కరూ నమ్మరు. ఆ సంగతి నేను కనుక్కున్న ప్రయాణం గురించే ఇది. ఆ ప్రయాణమంతా నేను ఓడలో ఉన్నాను గానీ నా మనసు ఏక్‌బాల్‌పూర్‌లో ఒక ఇంటి మెట్ల కింద ఉండిపోయింది.

మా నాన్న శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరినుంచి కలకత్తా రేవులో కూలికి వచ్చినవాడు. నేను కలకత్తాలోనే పుట్టాను. అమ్మా నాన్నా పోయాక నాకు మిగిలింది ఊళ్ళో ఉన్న మా అప్ప ఒక్కతే. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకూ ఆవిడకీ నడుమ పద్ధెనిమిదేళ్ళు. పిల్లకి ఇరవై నిండాక, నాకు ఇరవై అయిదో ఏట, తన రెండో కూతుర్ని నాకిచ్చి చేసింది. తెలుగువాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. ఆడపిల్ల పుడితే ఊయల దగ్గరే మేనమామతో వేళాకోళాలాడే జాతి మనది. ఆ పిల్ల మాటలు వచ్చిన నాటినుంచీ నన్ను 'మావా' అనే పిలిచేది. పెళ్ళయ్యాక కూడా అదే పిలుపు. అసలు మా వైపు చుట్టరికం లేని మొగుణ్ణి కూడా పెళ్ళాలు మావా అనే అంటారు కాబట్టి, మార్చుకోవలసిన అవసరం ఆమెకి కనబడలేదు. నాకూ కనబడలేదు.

మేం అద్దెకున్నది ఒక బెంగాలీ వితంతువు ఇంట్లో. ఆవిడ మేడమీద, మేం కింద. బెంగాలీలు పెద్దావిణ్ణి పిలిచినట్టే నేనూ 'మాషీమా' అనేవాణ్ణి, పిన్నమ్మా అన్నట్టు. కడుపున పుట్టినవాళ్ళు లేరు. మడి, ఏకభుక్తం, గసగసాల కూర, పైన ఎండలో వడియాలు. హుగ్లీ దాటి అవతలి ఒడ్డుకి వెళ్ళడమే ఆవిడ చేసిన దూరప్రయాణం. అందుకేనేమో, నేను ఓడ దిగి రాగానే వడియాల పళ్ళెం పక్కన పెట్టి, "చెప్పు బాబా, ఈసారి ఏం చూశావు?" అని మెట్టుమీద కూర్చునేది. ప్రపంచాన్ని అంత శ్రద్ధగా విన్న మనిషిని నేను మరొకర్ని చూడలేదు. తిమింగలం తుమ్మిందంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఓ మా! పాపం, దానికి జలుబు చేసిందేమో!" అనేది.

మా ఆవిడ ఊరునుంచి వచ్చినప్పుడు ఆమెకి బెంగాలీ ఒక్క ముక్క రాదు. మాషీమానే నేర్పింది. మొదటివారం ఒకనాడు పరుగున వచ్చి నాతో, "మావా, ఆ మాసీ నీళ్ళు తింతాదట!" అంది.

"వాళ్ళు నీళ్ళని తాగరే, తింటారు. చుట్టని కూడా తింటారు."

"ఓలమ్మో! మరి అన్నం ఏటి సేత్తారు, తాగుతారేటి?"

ఇలా నేర్చుకుంటూ, నవ్వుకుంటూ, మెట్లు ఎక్కుతూ దిగుతూ ఇద్దరూ ఒక మాదిరి తల్లీకూతుళ్ళయ్యారు. నేను సముద్రం మీద ఉన్నప్పుడు మా ఆవిడకి ఉత్తరాలు రాసిపెట్టేది కూడా మాషీమానే. ఈమె వచ్చీరాని బెంగాలీలో చెబితే, ఆవిడ దాన్ని కడిగి, తుడిచి, బొట్టుపెట్టి కాగితం మీద కూర్చోబెట్టేది. ప్రతి ఉత్తరం పైనా 'శ్రీచరణేషు' అని ఉండేది. మీ పాదపద్మాలకి అని అర్థం. మా ఆవిడ నోటినుంచి అలాంటి మాట రావడమంటే, నా గంజికి తిమింగలం రావడమే. బెంగాలీ నేను కూడబలుక్కుని చదవగలను. అన్ని ఉత్తరాలూ చదివాను గానీ ఒక్కదానిలోనూ మా ఆవిడ కనబడలేదు.

ఇప్పుడు కొళాయి గురించి చెప్పాలి. కార్పొరేషన్ నీళ్ళు పొద్దున్న కాసేపే వచ్చేవి, అవీ మేడమీదికి ఎక్కేవి కావు. వాకిట్లో కొళాయి గొంతు సవరించుకున్న శబ్దం వినగానే మా ఆవిడ వీధి చివరిదాకా వినబడేలా అరిచేది.

"మావా! నీళ్ళొచ్చీసినాయి, బేగి రా!"

ఆ అరుపు విని నేను లేచేవాణ్ణి. ఆ అరుపు వినే మాషీమా కూడా బిందె పట్టుకుని దిగేది. వచ్చిన కొత్తలో ఒకనాడు అలా దిగి, బిందె నింపుకుంటూ నన్ను పక్కకి పిలిచింది.

"బాబా, ఏమనుకోకు. మీ ఆవిడ నిన్ను మామా అంటుందేమిటి?"

బెంగాలీలకి మామా అంటే తల్లి తోడబుట్టినవాడు, అంతే. తండ్రి తరవాత తండ్రి. పిల్లకి అన్నప్రాశన చేస్తే మొదటి ముద్ద ఆయన పెట్టాలి. అలాంటివాణ్ణి పట్టుకుని మొగుడనడం వాళ్ళ ఊహకి కూడా అందదు. నేను కలకత్తాలో పుట్టినవాణ్ణి, ఇది నాకు తెలుసు. తెలిసీ, నోరు అలవాటుకొద్దీ తెరుచుకుంది.

"మామా కాదు మాషీమా, మావా. మీ బెంగాలీలో వ లేదు కదా, అందుకని మీకు అలా వినిపిస్తోంది. మా భాషలో మావా అంటే ఇంటిదొర అని."

"అదా!" అని ఆవిడ హాయిగా నవ్వేసింది. "నేనింకా ఏమిటో అనుకున్నాను, ఛీ ఛీ." అప్పటినుంచీ నేను ఎదురుపడితే, "ఏం మావా, దొరగారు భోంచేశారా?" అని ఆటపట్టించేది.

అబద్ధం కూడా పిల్లిలాంటిదే. ముద్దుగా ఉందని ఇంట్లోకి రానిస్తాం, ఏడాది తిరిగేసరికి ఎక్కడో పిల్లల్ని పెడుతుంది.

మా ఆవిడకి మొదటి కడుపు నిలవలేదు. పురిటికని ఊరికి బయల్దేరిన రైల్లోనే పోయింది. రెండోసారి నెలతప్పినప్పుడు ఆసుపత్రి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, ఈసారి రైలెక్కితే ఇక తన దగ్గరికి రావద్దని. పురుడు ఇక్కడే జరగాలి. మా అప్ప రావడానికి లేదు, ఆవిడ అత్తగారు మంచాన ఉంది. నాకేమో ఓడ వంతు దగ్గరపడింది. మాకు ఓడ దొరకడమంటే వంతు ప్రకారమే. వంతు తప్పితే మళ్ళీ ఏడాదో, ఏడాదిన్నరో రేవుగట్టు మీద ఈగలు తోలుకోవాలి. అప్పుడు మాషీమా అంది, "నువ్వు వెళ్ళు. నేను లేనా? నా చేతుల్లో కంటుంది బౌమా." బౌమా అంటే కోడలమ్మ. ఆ ఒక్క మాట మీద నేను ఓడకి ఒప్పుకున్నాను.

ఏడో నెలలో నాలుగు రోజులకి వీలు చేసుకుని మా అప్ప వచ్చింది. ఒక సంచీలో గాజులు, ఒక సంచీలో పలాస జీడిపప్పు, రెండు డబ్బాల సున్నుండలు. అదే రోజు మాషీమా కూడా బెంగాలీ పద్ధతిలో కడుపుతో ఉన్న పిల్లకి ఇష్టమైనవన్నీ వండి పెట్టే వేడుక చేస్తానంది. సరే, వాకిట్లో చాప వేసి మా ఆవిణ్ణి కూర్చోబెట్టారు. ఒక పక్క మా అప్ప గాజులు తొడుగుతోంది, ఒక పక్క మాషీమా కంచుగిన్నెలో పాయసం పట్టుకుని కూర్చుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా మాటలు ఆగలేదు.

మా అప్ప నన్ను కేకేసింది. "ఒరే తమ్మీ! ఆ పసుపు గిన్నె ఇలగందుకో!"

మాషీమా మా ఆవిడ వైపు తిరిగి, "తొమ్మీ అంటే ఏమిటి బౌమా?" అంది.

మా ఆవిడ మొహం వెలిగిపోయింది. మూడేళ్ళుగా నేర్చుకున్న బెంగాలీ మొత్తం కూడదీసుకుని, తప్పు లేకుండా, ఒక పూర్తి వాక్యం చెప్పింది. జీవితంలో మొదటిసారి.

"తమ్మీ అంటే భాయ్. ఇతను ఆమార్ మాయేర్ భాయ్."

మా అమ్మ తమ్ముడు.

వ్యాకరణంలో వంక పెట్టడానికి లేదు. నేర్పిన గురువు ఎదురుగానే ఉంది. ఆ గురువు చేతిలో గిన్నె నెమ్మదిగా చాప మీదికి దిగింది.

"మాయేర్ భాయ్ అంటే మామా," అంది మాషీమా, తనలో తను లెక్క సరిచూసుకుంటున్నట్టు. తరవాత నా వైపు చూసింది. "మామా కాదు, మావా అన్నావు. దొర అన్నావు."

నేను నోరు తెరిచాను. లోపల ఒక్క కథ కూడా దొరకలేదు.

ఆవిడ లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. లేవలేదు. గిన్నె మళ్ళీ తీసుకుని, పాయసం ముద్ద మా ఆవిడ నోట్లో పెట్టింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా పెట్టింది. తరవాత చెయ్యి కడుక్కుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. పైన తలుపు వేసిన చప్పుడు వినబడింది.

మా అప్ప తెల్లమొహం వేసింది. "ఏటైందిరా? నానేటైనా తప్పు సేసినానేటి?"

"వాళ్ళకి మేనమామంటే తండ్రితో సమానం అప్పా. పెళ్ళి చేసుకోరు."

"మరి మనకి కాదేటి?" అంది మా అప్ప, గాజు చేతిలో పట్టుకుని. "తండ్రిలాగ సూత్తావనే కదరా నీకిచ్చినాను. పరాయోడికిత్తే ఎలాటోడో ఏటో అని బెంగెట్టుకునీదాన్ని. ఆవిడికి సెప్పు, అందుకే ఇచ్చినానని సెప్పు."

ఈ మాట బెంగాలీలోకి ఎలా తిప్పాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

అప్ప వెళ్ళిపోయింది. మాషీమా నీళ్ళు పట్టుకోవడానికి తప్ప కిందికి రావడం మానేసింది. మేం పంపిన సున్నుండలు పళ్ళెంతో సహా మెట్టుమీద అలాగే ఉండిపోయి చీమలు పట్టాయి. ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు, దెబ్బలాడలేదు. మా ఆవిడ రోజూ మెట్లకింద నిలబడి, "మాసీ, భాత్ ఖేయేఛో?" అన్నం తిన్నావా అని అడిగేది. పైనుంచి జవాబు రాదు. ఈమె లోపలికి వచ్చి బియ్యం ఏరుతూ కూర్చునేది, అంతకుముందే ఏరిన బియ్యం.

ఓడెక్కే ముందురోజు మధ్యాహ్నం నేను పైకి వెళ్ళాను. ఆవిడ వడియాలు తిరగేస్తోంది.

"మాషీమా, తప్పైపోయింది."

"ఏది? పెళ్ళా?"

"కాదు. చెప్పింది."

ఆవిడ వడియం మీదనుంచి కళ్ళెత్తలేదు. "తిమింగలం గంజి తాగిందన్నావు. నేను నమ్మాననుకున్నావా? నువ్వు సరదాగా చెప్పావు, నేను సరదాగా విన్నాను. ఇది మాత్రం నేను సరదాకి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాను. నీకు ఆ తేడా తెలియలేదా?"

"రేపు ఓడ," అన్నాను. "వెళ్ళమంటారా, మానమంటారా?"

"మీ ఇంటి సంగతి. నన్నెందుకు అడుగుతావు?"

కిందికి వచ్చి, వెళ్ళనని మా ఆవిడతో చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఎల్లు మావా. వంతు పోగొట్టుకుంతావేటి? మాటాడకపోనా మాసీ పైనే ఉన్నాది కదా. నాను నొప్పులని అరిత్తే ఇనబడదేటి?"

"వినబడినా రాకపోతే?"

ఆమె లేచి, నా సంచీలో పచ్చడి జాడీ సర్దింది.

మర్నాడు పొద్దున్న బయల్దేరుతూ నేను ఇంకో తెలివి ఉపయోగించాను. "ఇకనుంచి నన్ను మావా అనకే. ఆవిడ చెవిన పడితే బాధ."

"మరేటనాల?"

"బెంగాలీ ఆడవాళ్ళు మొగుణ్ణి 'ఓగో' అంటారు."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, గొంతు సవరించుకుని, "ఓగో," అంది. మళ్ళీ "ఓగో" అంది. నవ్వు ఆగలేదు. గోడ పట్టుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. వీధి చివర నేను ట్రామెక్కితే, ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి అరగంట ఆగిపోయింది. ఓడ తప్పిపోతే బావుణ్ణని జన్మలో ఆ ఒక్కసారే కోరుకున్నాను. తప్పలేదు.

మా సరంగు మా పక్క పేటే, మెటియాబ్రుజ్ మనిషి. సరంగంటే డెక్కు కళాసీలకి పెద్ద. గడ్డానికి గోరింటాకు, అయిదు పూటల నమాజు, పూటకి మూడు గ్లాసుల చాయ్. కొలంబో దాటాక వంటగది గుమ్మంలో నిలబడి, "ఏంట్రా భండారీ, పప్పులో ఉప్పు లేదు, నోట్లో కథ లేదు. ఎవరైనా పోయారా?" అన్నాడు.

అంతా చెప్పాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"తౌబా తౌబా! సొంత అక్క కూతుర్నా? భాంజీ అంటే బిడ్డ కదరా!"

నాకు కోపం వచ్చింది. "మీ బీబీ ఎవరి కూతురు?"

"మా చాచా కూతురు."

"చిన్నాన్న కూతురా?" అని నేను చేతిలో పిండిముద్దతో వెనక్కి జరిగాను. "చెల్లెలు కదయ్యా! చెల్లెల్ని చేసుకున్నావా?"

ఆ రోజంతా ఆయన నా చాయ్ తాగలేదు. నిజం చెప్పాలంటే, నేనూ ఆయనకి చాయ్ పట్టుకెళ్ళలేదు. ముప్ఫై ఏళ్ళు ఆయన కాపరం చేసిన మనిషి, నలుగురు పిల్లల తల్లి, ఏటేటా రంజానుకి మాకు సేమ్యా పంపే ఆవిడ. ఆవిణ్ణి తలచుకుంటే నా ఒళ్ళు ఎందుకు జలదరించాలి? నా బుర్ర తప్పు కాదని చెబుతూనే ఉంది, నా కాళ్ళు మాత్రం అప్పటికే వెనక్కి జరిగిపోయాయి. మాషీమా గిన్నె కింద పెట్టింది కూడా ఇలాగేనని అప్పుడు తెలిసింది. అది ఆవిడ పెట్టింది కాదు, ఆవిడ చెయ్యి పెట్టింది. అయినా ఆవిడ ఆ గిన్నె మళ్ళీ ఎత్తింది. నేను గ్లాసు ఎత్తలేదు.

మర్నాడు రెండు గ్లాసులు పట్టుకుని డెక్కు మీదికి వెళ్ళాను. సరంగు గ్లాసు అందుకుని, "నీ సంగతి మా బీబీకి చెప్పను. చెబితే ఈసారి సేమ్యా రాదు," అన్నాడు.

"నీ సంగతి మా అప్పకి చెప్పను. చెబితే నన్ను నీతో ఓడెక్కనివ్వదు."

ఆఫ్రికా ఒడ్డున మొంబాసాలో పళ్ళమ్మే ముసలావిణ్ణి రేవులో అందరూ, మీసాలు నెరిసినవాళ్ళతో సహా, 'మామా' అని పిలుస్తున్నారు. అడిగితే, వాళ్ళ మాటలో మామా అంటే అమ్మ అట. సరంగు నా డొక్కలో పొడిచి, "నీ మాట నిన్ను వదల్లేదురా," అన్నాడు. అక్కణ్ణుంచి సూయజు కాలవ మీదుగా నల్లసముద్రంలోకి వెళ్ళి బతూమీలో ఆగాం. చలి. రేవుగట్టు మీద క్రేను నడిపే ఆయనకి ఒక చిన్నపిల్ల అన్నం డబ్బా తెచ్చింది. కిందనుంచి తల పైకెత్తి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది.

"మామా!"

ఆ గొంతు, ఆ అరిచే తీరు, అచ్చం మా వాకిట్లో కొళాయి దగ్గరి అరుపే. నాకు తెలియకుండానే నేను "ఆఁ" అన్నాను. క్రేను దిగి వచ్చినాయన ఆ పిల్లకి మామ కాదు, కన్నతండ్రి. అక్కడ మామా అంటే నాన్న. రెండుసార్లు అడిగించి మరీ తెలుసుకున్నాను.

ఆ రోజే మాషీమాకి ఉత్తరం రాశాను. బెంగాలీలో, నా చేత్తో, వంకర అక్షరాలతో. సరంగు పక్కన కూర్చుని, "అబద్ధమైతే ఈపాటికి పది పేజీలు అయ్యేది. నిజానికి ఇంతసేపా?" అన్నాడు. ఏం రాశానంటే, మావా అంటే మామే. మా వైపు అక్క కూతుర్ని ఇచ్చేది, తండ్రిలా చూసుకుంటాడని. మా అప్ప ఈ మాట మీకు చెప్పమంది, నాకు నోరు రాలేదు. మీ చెయ్యి ఎందుకు వెనక్కి పోయిందో నాకు ఓడలో తెలిసింది. బతూమీ అనే ఊళ్ళో నాన్నని మామా అంటారు, ఇది నిజం. తిమింగలం లేదు, ఎప్పుడూ లేదు. నన్ను క్షమించకపోయినా పరవాలేదు, పిల్ల నొప్పులు పడుతున్న రోజున మాత్రం మెట్లు దిగండి.

జవాబు ఏడెన్‌లో అందింది. కవరు మీద మాషీమా దస్తూరీ. విప్పడానికి భయమేసి, అన్నం వార్చేదాకా జేబులో పెట్టుకుని తిరిగాను.

విప్పితే, పైన 'శ్రీచరణేషు' లేదు. ఆ చోట మూడక్షరాలున్నాయి. మా, ఓ, యా. కూడబలుక్కున్నాను. మాఓయా. బెంగాలీలో వ లేదు కదా, వ పలికించాలంటే ఓ పక్కన యా పెట్టాలి. మామా అని రాయడానికి రెండే అక్షరాలు చాలు, అది ఆవిడకి పుట్టుకతో తెలిసిన మాట. ఆవిడ ఆ మాట రాయలేదు. తన బౌమా పలికినదాన్ని పలికినట్టు విని, దానికి వేరే అక్షరాలు వెతికింది.

తరవాతి పంక్తి చదివితే అది బెంగాలీయే కాదు. పైకి చదివాను. "నాను బాగున్నాను. గుంట పుట్టినాది. ముక్కు నీదే, ఏటి సేత్తాం. మాసీ నా కాడే ఉన్నాది. పచ్చడి అందరికీ పెట్టీకు." బెంగాలీ అక్షరాల్లోంచి మా ఆవిడ లేచి నిలబడి మాట్లాడుతోంది. నేను బిగ్గరగా చదువుతుంటే సరంగు వచ్చి, ఏం మంత్రమని అడిగాడు. మళ్ళీ మొదటినుంచి చదివాను. మూడోసారి చదువుతున్నప్పుడు అన్నం అడుగంటిన వాసన వచ్చింది.

కింద మాషీమా తనమాటగా నాలుగు పంక్తులు రాసింది. "బౌమా చెప్పింది చెప్పినట్టు రాశాను. అర్థం నేను అడగలేదు. నీ ఉత్తరం వచ్చేసరికి పాపకి తొమ్మిది రోజులు. నాన్నని మామా అనే ఊరుందంటే నేను నమ్మను. తిమింగలం లేదంటే అసలే నమ్మను."

పాపకి అప్పటికే తొమ్మిది రోజులు. అంటే నా ఉత్తరం వల్ల ఏమీ జరగలేదన్నమాట. నేను ఒళ్ళంతా చెమటలు పట్టి రాసిన నిజం చేరకముందే ఆవిడ మెట్లు దిగిపోయింది. ఎలా దిగిందో మిగిలిన ప్రయాణమంతా ఆలోచించాను.

ఇల్లు చేరేసరికి పొద్దున్న ఏడు. సంచీ భుజాన వేసుకుని వీధి మలుపు తిరిగానో లేదో, వినబడింది.

"మావా! నీళ్ళొచ్చీసినాయి, బేగి రా!"

నేను వస్తున్నట్టు ఈమెకి ఎవరు చెప్పారు? ఓడ రెండు రోజులు ముందే వచ్చింది, ఉత్తరం కూడా రాయలేదు. "వొత్తన్నానే!" అని అరుస్తూ సంచీతో సహా పరిగెత్తాను. వాకిట్లోకి వెళ్ళేసరికి మా ఆవిడ చంకలో పాపతో కొళాయి దగ్గర ఉంది. నన్ను చూసి నోరు తెరిచి ఉండిపోయింది. మెట్లమీదనుంచి మాషీమా బిందె పట్టుకుని గబగబా దిగుతోంది.

"ఆగు బాబా," అంది నన్ను దాటుకుంటూ. "పిలిచింది నిన్ను కాదు. నన్ను."

తరవాత మా ఆవిడ చెప్పింది. నేను వెళ్ళాక అరవడం మానేసిందట. మావాయే లేనప్పుడు ఎవర్ని పిలుస్తుంది? నీళ్ళు వచ్చేవి, తను ఒక్కతే పట్టుకునేది. పైన మాషీమాకి నీళ్ళు వచ్చినట్టు తెలిసేది కాదు. మూడోరోజుకి బిందెలు ఎండిపోయి, ఆవిడ సగం మెట్లు దిగి అడిగిందట.

"ఇవాళ కూడా నీళ్ళు రాలేదా?"

"వచ్చాయి మాసీ."

"మరి అరవలేదేం?"

"ఎవర్ని పిలవను?"

మాషీమా ఆ మెట్టుమీదే కూర్చుండిపోయిందట. కొళాయి ఆగిపోయాక లేచి, "రేపు నన్ను పిలువు," అందట.

"ఏమని?"

"రోజూ ఏమని అరుస్తావో అదే. కొత్తది నేర్చుకునే ఓపిక నాకు లేదు."

ఇదంతా చెబుతూ మా ఆవిడ పాపని నా ఒళ్ళో పడుకోబెట్టింది. ముక్కు నాదే, ఏం చేస్తాం. వాకిట్లో మాషీమా బిందె నింపుకుని కొళాయి కట్టి, వెళ్ళకుండా మెట్టుమీద కూర్చుంది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "చెప్పు," అంది, "ఈసారి ఏం చూశావు?"